మూడు ఊర్ల టికెట్టు

మానుకోట,
18 జనవరి 2024

అమల బిడ్డకు,

మీ పెద్దమ్మ ప్రమీల దీవించి రాసేది. ఈడ నేను, నా చెవిల మిషను మంచిగనే ఉన్నం. మిషను ఈల వేస్తది గని మాట వినిపియ్యది. మొన్న నువ్వు ఫోన్ చేసి ఏమేమో చెప్తివి, నేను "ఆఁ, ఆఁ" అంటి. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. అందుకే కాయితం పట్టిన. బడి పంతులమ్మ చెయ్యి ఇది, ఆ వాట్సాప్‌ల చిన్న చిన్న అక్షరాలు గీకుడు నాతోని కాదు. నువ్వు గూడ కాయితమే రాయి.

మీ సామేలు మామ సంగతి చెప్పాలె. పోర్ట్‌బ్లెయిర్ నుండి ఆయన భార్య సలోమి రాసింది. కాలేజం, గదే లివర్, మొత్తం ఖరాబైందట. ఆస్పత్రోళ్లు ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరట. తమ్ముడు వేరే ఏం అడుగుత లేడట. "అక్కను ఒక్కసారి పిలువు" అంటున్నడట, గంతే. మీ అమ్మ పోయిననాడు వాడు ఓడ దొరకక రాలేకపోయిండు. పెట్టె మూసేదాక నేను తొవ్వ దిక్కే చూసిన. ఇప్పుడు వాడు చూస్తున్నడు. నేను పోవాలె బిడ్డా. వాని ప్రాణం ఉండంగ ఒక్కసారి వాని మొకం చూడాలె.

విమానం టికెట్లు అగ్గువకు పట్టుడు నీకు బాగ వస్తదట, మీ హాస్టల్ పిల్లలంత నీ ఎంటనే పడతరట, వాసంతి చెప్పింది. నేను ఎన్నడు విమానం ఎక్కలే. ముందుగాల మద్రాసు పోయి వాసంతి దగ్గర రెండు దినాలు ఆగుత. బిడ్డ ఇల్లు, దాని చంటిదాన్ని చూసినట్టయితది, నా నడుము గూడ ఒక్క దమ్ముకు గంత దూరం ఓపది. ఆణ్ణించి అండమాన్. వచ్చేటప్పుడు సీద హైదరాబాదు, నీ దగ్గరికి. పింఛను మనిషిని, జర చూసి కొను.

నీ పీహెచ్‌డీ ఏడిదాక వచ్చింది? నువ్వు డాక్టరమ్మవయ్యేలోపట నాకు చెవులతోపాటు కండ్లు గూడ పోయేటట్టున్నయి. వేళకు తిను.

మీ పెద్దమ్మ


లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్,
హైదరాబాద్,
25 జనవరి 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి మొదలు నవ్విన, రెండో పేజీకి వచ్చేసరికి ఏడ్చిన. మామ రోగం గింత దూరం వచ్చిందని నాకు తెల్వదు. నీతోని నేనే రావాలె. గని థీసిస్ ఇచ్చే గడువు నెత్తి మీదున్నది, ఇప్పుడు కదిలితే ఇంకో ఏడాది ఈ హాస్టల్ పప్పే గతి.

మూడు దినాల సంది లైబ్రరీల కూసొని నీ టికెట్ పనే చేస్తున్న. ఈ బుకింగ్ సైట్లు అంగట్ల కూరగాయలోళ్ల లెక్క. పొద్దుగాల ఒక రేటు, తిరిగొచ్చి అడిగితే ఇంకో రేటు. ఒకటి బాగ తక్కువ చూపిస్తది, పైసలు కట్టే కాడికి వచ్చినంక సీటుకింత, సంచికింత, ఇంకేందో సేవకింత అని కలుపుతది. అందుకే నేను మొదటి పేజీ నమ్మ, ఆఖరి పేజీ దాక పోయి చూస్త. కంపెనీ వాళ్ల సొంత సైట్‌ల గూడ చూస్త. తారీకు ఒక దినం ఇటు జరిపి చూస్త, ఒక దినం అటు జరిపి చూస్త. మా హాస్టల్ పిల్లలకు ఇంత ఓపిక లేదు, అందుకే నా దగ్గరికి వస్తరు.

మూడు టికెట్లు విడివిడిగ కొంటే నీ పింఛను మొత్తం ఊడ్చుకపోతుండె. "మల్టీ సిటీ" అని ఒక డబ్బా ఉంటది. దాంట్ల పోవాల్సిన ఊర్లన్నీ వరుసగ పెడితే, మూడు ప్రయాణాలకు కలిపి ఒక్కటే టికెట్, ఒక్కటే నంబరు. ధర సగానికి దిగింది పెద్దమ్మా! నేను కుర్చీల నుంచి ఎగిరినంత పనైంది. పక్కన చదువుకుంటున్న పిల్ల "ఏమైందక్కా, జాబొచ్చిందా" అన్నది.

ఇగ విను. ఫిబ్రవరి 18 పొద్దుగాల హైదరాబాద్ నుంచి చెన్నై. 20 మంగళవారం చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్. 27న అటు నుంచి హైదరాబాద్. 18 ఆదివారం. ఆ మాట చదవంగనే నీ మొకం ఎట్లయిందో నాకు ఈడికి కనిపిస్తున్నది. ఆదివారం చర్చి విడిచి బండెక్కద్దని తాత పెట్టిన పద్ధతి నేను మరువలే. శనివారం చూసిన, సోమవారం చూసిన, రేట్లు ఆకాశంలున్నయి. దేవుడు నీకు ఒక్క ఆదివారం మాఫ్ చేస్తడు లే. బుక్ చేసేసిన. ప్రింట్ దీంట్ల పెట్టిన.

ఇంకొకటి. నువ్వు శనివారం పొద్దుగాల్నే తార్నాకకు రా. లాలాపేట్‌ల నా దోస్త్ హరిచందన రూమున్నది, ఆడ వండుకుందం, ఆడనే పండుకుందువు. నీకు ఒక మనిషిని చూపించాలె. పేరు పరశురాం, ఉండేది గోల్నాక, మా డిపార్ట్‌మెంట్‌లనే పాఠాలు చెప్తడు. పేరు చూస్తనే నీకు సమజైతది, మనోళ్లు కాదు. మనిషి చాన మంచోడు. అమ్మ లేదు, సరే అనుడైనా కాదనుడైనా నువ్వే.

నీ అమల


మానుకోట,
1 ఫిబ్రవరి

బిడ్డా అమలా,

టికెట్ అందింది. పోస్టు తెచ్చిన ఎంకన్నకు చూపిచ్చిన. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అమ్మా, విమానం టికెట్టంటే అట్టముక్క ఉంటదనుకున్న, గిది జిరాక్స్ కాయితమే గద" అన్నడు. నువ్వు మూడు దినాలు కూసొని పట్టినవంటే నాకు కండ్ల నీళ్లొచ్చినయి. నీ చదువు చెడగొడుతున్న. తారీకులు చూసిన. మంచిగున్నయి.

తమ్మునికి చింతతొక్కు పెడుతున్న. వానికి నోరు చప్పగైందట. విమానంల తొక్కు వాసనొస్తదని నన్ను నడుమల దింపరు గద? చిన్నప్పుడు వాడు తొక్కు జాడీల చెయ్యి పెట్టి, అది రాక ఏడ్చిండు. మీ తాత జాడీ పలగ్గొట్టబోతే నేను అడ్డం పోయి, వాని పిడికిలి ఇప్పించి తీసిన. ఆ పిడికిలి నిండ తొక్కే. విడిస్తే చెయ్యి వస్తదని వానికి తోచలే.

ఆ పిలగాని సంగతి చదివిన. చూద్దాం బిడ్డా, తొందరేమున్నది. ముందు తమ్ముని చూడనియ్యి.

వాసంతికి గూడ తారీకులు రాసిన. పైలం.

మీ పెద్దమ్మ


క్యాంపస్,
8 ఫిబ్రవరి

పెద్దమ్మా,

"చూద్దాం, తొందరేమున్నది" అంటే మనింట్ల ఏందో నాకు ఎరుక లేదా? అమ్మ గూడ కుట్టు మిషన్ అడిగినప్పుడల్లా తాత గట్లనే అంటుండె. ఆ మిషను ఎన్నడన్న వచ్చిందా? నువ్వు వాని పేరు గూడ రాయలే, "ఆ పిలగాడు" అని రాసినవు. సరే, నేను గిప్పుడు కొట్లాట పెట్టుకోను. శనివారం వాడు సెలవు పెట్టుకున్నడు. నువ్వు ఒక్కసారి ఎదురుంగ కూసొని మాట్లాడితే చాలు.

నిన్న సలోమి అత్త వీడియో కాల్ పెట్టింది. మామను గుర్తుపట్టలే. మొకం ఇంతనే అయింది. కండ్లు పచ్చగున్నయి. "అక్కకు సీటు కిటికీ కాడ పట్టినవా?" అని అడిగిండు. పట్టిన అని చెప్పిన. "సముద్రం చూసి భయపడ్తది, చెప్పు" అన్నడు. ఇంత సేపు మాట్లాడి అలసిపోయిండు. నాకు బుగులైతున్నది పెద్దమ్మా. నువ్వు జల్ది పోవాలె.

ఎయిర్‌పోర్ట్‌ల నువ్వు పరేషాన్ కావద్దు. టికెట్, ఆధార్ చేతిల పట్టుకో. వినపడదని చెప్పుడుకు సిగ్గుపడకు, చెవి చూపించి కాయితం, పెన్ను ఇయ్యి, వాళ్లు రాసి చూపిస్తరు. చెన్నైల వాసంతి అక్క గేటు దాకనే, లోపటికి రానియ్యరు. తొక్కు సంచి పెద్ద బ్యాగ్‌లనే పెట్టు.

శనివారం సికింద్రాబాద్ స్టేషన్‌కు నేనే వస్త. ఏ బండికొస్తున్నవో రాయి.

అమల


మానుకోట,
15 ఫిబ్రవరి

బిడ్డా,

ఈ ఉత్తరం చూసి కోపం చెయ్యకు. నేను రేపు, శుక్రవారం, మానుకోటల్నే మద్రాసు బండెక్కుతున్న. శనివారం పొద్దుగాల వాసంతి ఇంట్ల ఉంట.

నీకు ముందే రాయాల్సింది. రాద్దమని కూసుంటి, చెయ్యి రాలే. మూడు దినాలు కష్టపడి పట్టిన టికెట్‌ను, "ఆదివారం నాకద్దు" అని ఎట్ల చెప్పాలె? మీ తాత జొరం మీద గూడ ఆదివారం బండెక్కలే. ఈస్టరు ముందటి శ్రమకాలం నిన్ననే మొదలైంది, అందుల్నే మొదటి ఆదివారం నేను చర్చి విడిచి ఆకాశంల ఉంటే తమ్ముని కోసం ఏ నోటితోని ప్రార్థన చేస్త? ఇంకొకటి, మద్రాసు బండి మా ఇంటి ముందరికెళ్లే పోతది. దాన్ని విడిచి, వెనుకకు హైదరాబాద్ దాక వచ్చి మల్ల ముందుకు పోవుడేంది? నీ సదువు నీకు, నా తొవ్వ నాకు.

టికెట్‌ల మొదటి ముక్క ఒక్కటి ఖాళీ పోతది. పోనీ. తతిమ్మా రెండు ముక్కలు ఉన్నయి గద. మంగళవారం విమానం మద్రాసుల ఎక్కుత, ఫికర్ చెయ్యకు.

పరశురాంను వచ్చేటప్పుడు చూస్త. 27న నేరుగ నీ దగ్గరికే గద వచ్చేది. తమ్మునికేమైతదో అన్న బుగులుతోని మనసు నిలుస్తలేదు, గిట్ల ఉండి ఒక పిలగాని ఎదురుంగ కూసొని మంచి చెడ్డ అడుగుడు నాకు చేత కాదు. వానికి జర చెప్పు.

మీ పెద్దమ్మ


లాలాపేట్,
18 ఫిబ్రవరి, ఆదివారం

పెద్దమ్మకు,

నిన్న పొద్దుటి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌ల బండి వచ్చినప్పుడల్లా డబ్బా డబ్బా తిరిగిన. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలే. పరశురాం గోల్నాక నుంచి కొత్త అంగీ తొడుక్కొని, పండ్లు పట్టుకొని వచ్చిండు. వండిన బగారన్నం చల్లగైంది. హరిచందన "తినుండ్రి" అంటే ఎవ్వరం ముట్టలే. పొద్దు గూకినంక వాసంతి అక్క మెసేజ్ పెట్టింది, "అమ్మ ఈడికే వచ్చింది, మంచిగున్నది" అని. నేను "మంచిది" అని పెట్టి ఫోన్ బందు చేసిన.

ఏం మంచిది పెద్దమ్మా? నువ్వు వాని మొకం చూడద్దనే గద మద్రాసు బండెక్కినవు! వాని కులం అడ్డమొచ్చిందా, వాని దేవుడు అడ్డమొచ్చిండా? కాదంటే కాదని నా మొకం మీద చెప్పకపోయినవా? నేను నీ బిడ్డను కాదా? వాసంతి అక్క పెండ్లికి ఊరంత ఎదిరిచ్చి నిలబడ్డవు, నా కాడికి వచ్చేసరికి స్టేషన్‌ల నిలబెట్టి పోతివి.

వాడు పండ్లు ఆడనే పెట్టి, "పెద్దోళ్లకు ఏం పని పడ్డదో" అని పోయిండు. నాకు వాని ముందర నెత్తి ఎత్తుడు రాలే.

మామకు నా దండాలు చెప్పు. కొరియర్‌ల పంపుతున్న, నువ్వు విమానం ఎక్కకముందే అందాలె.

అమల


మద్రాసు,
21 ఫిబ్రవరి, బుధవారం

అమలా,

ఇయ్యాల తెల్లారంగ సామేలు పోయిండు.

నిన్న నేను విమానం ఎక్కలే. ఎక్కనియ్యలే. వాసంతి గేటు కాడ దింపింది, నేను లోపటికి పోయిన. నువ్వు చెప్పినట్టే టికెట్ ఇచ్చిన, చెవి చూపించిన, కాయితం పెన్ను ఇచ్చిన. కౌంటర్ కాడి పిల్ల మిషన్ల చూసి, చూసి, ఇంగ్లీషుల రాసిచ్చింది. మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి మిగిలినవన్నీ రద్దైనయట. నేను ఆ ముక్క మల్ల మల్ల చదివిన. మూడు బస్సులకు పైసలు కట్టి ఒక బస్సు తప్పిపోతే, మిగిలిన రెండిట్లకెళ్లి దింపేస్తరా ఎవలన్న? తెలుగుల మొత్తుకున్న. నా తమ్ముడు చావు బతుకులల్ల ఉన్నడని రాసిచ్చిన. ఆ పిల్ల పాపం లేసి పెద్దాయనను తోల్కొచ్చింది. ఆయన చేతులు జోడించిండు. ఆ దినం సీట్లు లేవు, మర్నాడు గూడ లేవు. నేను బయటకొచ్చి వాసంతి మల్ల వచ్చేదాక సంచి మీద కూసున్న.

అల్లుడు గురువారానికి వేరే టికెట్ కొన్నడు. ఆడున్న వేడికి ఎక్కువసేపు ఉంచరట, ఇయ్యాల సాయంత్రమే మట్టి చేస్తరట. నేను పోయేది సలోమి కోసం.

నీ కొరియర్ గూడ ఇయ్యాల్నే అందింది, చావు కబురు వెనుకాల్నే. చదివిన. నేను 15 తారీకు రాసిన ఉత్తరం నీకు ముట్టినట్టు లేదు. ముట్టితే చదువు. పరశురాం మీద నాకు ఏ పట్టింపు లేదు. ఉన్నదల్ల ఆదివారం మీదనే ఉండె.

పెద్దమ్మ


క్యాంపస్,
23 ఫిబ్రవరి

పెద్దమ్మా,

నీ 15 తారీకు ఉత్తరం నాకు బుధవారం అందింది.

మంగళవారం వాసంతి అక్క ఏడ్చుకుంట ఫోన్ చేస్తే సైట్ తెరిచి చూసిన. మూడు ప్రయాణాల మీద రద్దు అని ఉన్నది. కంపెనీకి ఫోన్ చేస్తే అది రూలట. ఒక్క టికెట్‌ల ఊర్లన్నీ పెడితే వరుస తప్పద్దట, మొదటిది ఎక్కకపోతే తక్కినవి వాటంతట అవే పోతయట. ముందుగాల్నే ఫోన్ చేసి చెప్పినా ఏమన్న దారి ఉంటుండెనట. ఇన్ని టికెట్లు పట్టిన గని, ఎవ్వరు నడుమల తొవ్వ మార్చలే, అందుకే ఆ సంగతి నాకు ఎన్నడు ఎరుక కాలే. ఆఖరి పేజీ దాక చూస్త అని నీకు పెద్ద గొప్పలు రాస్తి. చూసింది ధరనే.

శనివారం వాసంతి అక్క మెసేజ్ వచ్చినప్పుడు, "ఎట్లొచ్చింది, రేపటి టికెట్ ఏం చేద్దం" అని ఒక్క మాట అడిగుంటే అయిపోతుండె. నేను అలిగి ఫోన్ బందు పెట్టిన. మూడు టికెట్లు విడివిడిగ కొన్నా అయిపోతుండె. నువ్వు మామ మంచం పక్కన కూసుంటుంటివి.

పరశురాం వచ్చి పోతున్నడు. నేను వానితోని మాట్లాడుత లేను. థీసిస్ ముట్టుత లేను. నాకు తిట్టు రాయి పెద్దమ్మా. లేకుంటే మాఫ్ చేసిన అని రాయి. రెండిట్ల ఏదన్న ఒకటి రాయి, ఊకోకు.

నీ అమల


పోర్ట్‌బ్లెయిర్,
5 మార్చి

అమలా, బిడ్డా,

నీ ఉత్తరం మొన్న అందింది.

కోపం లేదంటే అబద్ధమైతది. నీ మీద ఉన్నది. నా మీద అంతకంటె ఎక్కువున్నది. నువ్వు నన్ను అడగకుంట బుక్ చేస్తివి, నేను నీకు చెప్పకుంట బండెక్కితి. నీ మనసు నొవ్వద్దని నేను నోరు మూసుకున్న, నువ్వు నొచ్చుకొని నోరు మూసుకుంటివి. ప్రేమల్నే ఉంటిమి గద ఇద్దరం. అయినా తమ్ముడు పోయిండు. మాఫ్ అనే మాట రాయబుద్ధి అయితలేదు, ఇంకా మనసు ఆడికి రాలే. వచ్చిననాడు నీకే ముందు రాస్త. అందాక ఆ పిలగాని మీద నీ దుఃఖం తీసుకోకు, వాడేం చేసిండు పాపం. మాట్లాడు వానితోని. నీ పుస్తకం పూర్తి చెయ్యి, అది మీ అమ్మ కోరిక.

తమ్ముని సమాధి సముద్రం దిక్కున్నది. మట్టి ఇంకా పచ్చిగనే ఉన్నది. ఈడ తెలుగోళ్లు చాన మందున్నరు, శ్రీకాకుళం దిక్కోళ్లు. రోజు ఎవలో ఒకలు అన్నం పంపుతున్నరు. నాకు టికెట్ ఏం చూడకు. సలోమి ఒక్కతే అయింది, కొన్ని దినాలు దీని దగ్గరుంట.

ఆ మంగళవారం సంగతి మొన్న చెప్పింది సలోమి. మా కబురు ముట్టకముందే, నేను దిగుతనని పక్కింటాయన ఆటో తీస్కొని పోయిండట. ఖాళీ ఆటో తిరిగొచ్చిన సప్పుడు విని తమ్ముడు కండ్లు తెరిచి, "అక్క దిగిందా" అన్నడట. సలోమికి లేదని చెప్పబుద్ధి కాలే. "దిగింది, బయట కాళ్లు కడుక్కుంటున్నది" అన్నదట. వాడు "నన్ను లేపి కూసోబెట్టు" అన్నడట. అంగీ తొడిగించుకున్నడట. గోడకు దిండేసుకొని తలుపు దిక్కు చూసుకుంట కూసున్నడట. జరసేపటికి కన్నంటింది. మల్ల లేసి, "ఇంకా కడుక్కుంటనే ఉన్నదా? గింతసేపు నీళ్లల్ల నిలబడుడు ఎందుకు దానికి, రమ్మను" అన్నడట. గవే ఆఖరి మాటలు.

అది చెప్పి సలోమి నా చెయ్యి పట్టుకొని, కాయితం మీద రాసి అడిగింది, "వదినె, పోయే మనిషికి అబద్ధం చెప్పిన, నాకు పాపం తగుల్తదా?" అని. "లేదే, నువ్వు అబద్ధమేం చెప్పలే. నేను తొవ్వలనే ఉంటి గద" అన్న. అనంగనే నాకు ఏడుపు ఆగలే అమలా. మద్రాసుల ఏడ్వలే, సమాధి కాడ ఏడ్వలే, గప్పుడు ఏడ్చిన.

మీ పెద్దమ్మ